ఏటవాలు ఎండలో బయటపడ్డ బాకు

1953 జులై 10. దక్షిణ ఇంగ్లండ్‌లోని విల్ట్‌షైర్ జిల్లా, సాలిస్‌బరీ మైదానం. రిచర్డ్ అట్కిన్‌సన్ అనే పురావస్తు పరిశోధకుడు స్టోన్‌హెంజ్ అనే ప్రాచీన శిలావలయంలో రాళ్ళ మధ్య కెమెరా సిద్ధం చేసుకుని పొద్దు వాలేదాకా కాచుకున్నాడు. ఆయన ఫొటో తీయబోతున్నది ఆ మహాశిలల గాంభీర్యాన్ని కాదు. పరిశోధకులు 53వ నంబరు వేసిన రాతి మీద పదిహేడో శతాబ్దంలో ఎవరో చెక్కుకుపోయిన పేరుని. గోల్కొండ గోడల మీద మనవాళ్ళు బాణం దిగిన గుండెకాయ గీసి పక్కన పేర్లు చెక్కుతారే, ఆ బాపతే. కాకపోతే మూడొందల ఏళ్ళు ఓపిక పడితే అలాంటిదీ చరిత్ర కిందికి వస్తుంది. ఎండ సూటిగా పడితే గాట్లు కనపడవు, పక్కనుంచి వాలి గాట్లలో నీడ నిలిస్తేనే అక్షరాలు లేస్తాయి. అందుకే ఆ నిరీక్షణ.

తీరా కెమెరాలోంచి చూస్తే, పేరుకి కింద ఇంకో ఆకారం. మొన కిందికి దించిన బాకు. ఆ పక్కనే గొడ్డలి గుర్తులు. మూడున్నర వేల ఏళ్ళు పైబడిన కంచు యుగపు చెక్కడాలవి. అప్పటికి ఎన్ని తరాల పండితులు, యాత్రికులు, చిత్రకారులు ఆ రాయి ముందు నిలబడి ఉంటారో! మనిషి నిలబడితే కంటికి ఆనే ఎత్తులోనే ఉందది. ఆ తర్వాత లేజర్ కిరణాలతో రాళ్ళన్నీ జల్లెడ పట్టి, మరో 71 గొడ్డలి గుర్తులు దొరికాయని 2012లో ప్రకటించారు. అవి చాలా వరకు అరిగిపోయి మామూలు కంటికి అందనివి. బాకు సంగతి వేరు, అది ఎదురుగానే ఉంది.

ఇలా జరుగుతుందని ఆ జిల్లా మనిషే ఒకాయన నూరేళ్ళకు ముందే రాసిపెట్టాడు.

స్టోన్‌హెంజ్‌కి ముప్పై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో లేకాక్ అనే ఊరుంది. అక్కడ 1232లో సన్యాసినుల కోసం కట్టిన మఠం కాలక్రమంలో జమీందారీ భవనమై, పందొమ్మిదో శతాబ్దానికి విలియం హెన్రీ ఫాక్స్ టాల్బాట్ చేతికొచ్చింది. లెక్కలు, వృక్షశాస్త్రం, ప్రాచీన లిపులు, ఆయన వేలు పెట్టని విద్య లేదు. చేతకానిది ఒక్కటే, బొమ్మ గీయడం. 1833లో ఇటలీలోని కోమో సరస్సు ఒడ్డున కూచుని ఎంత తంటాలు పడ్డా కాగితం మీద పిచ్చిగీతలే మిగిలాయి. దృశ్యమే వచ్చి కాగితం మీద అచ్చుపడితే ఎంత బాగుండును అనుకున్నాడు. బొమ్మ గీయడం వచ్చి ఉంటే ఈ ఆలోచన ఆయనకు తట్టేది కాదేమో.

ఇంటికొచ్చి ఉప్పునీళ్ళలో తడిపిన కాగితానికి సిల్వర్ నైట్రేట్ పూసి ప్రయోగాలు మొదలెట్టాడు. చిన్నచిన్న చెక్కపెట్టెలు చేయించి, ముందు కటకం బిగించి, ఇంటి చుట్టూ అక్కడక్కడా పెట్టి వచ్చేవాడు. ఎక్కడ చూసినా అవే కనపడుతుంటే భార్య కాన్‌స్టెన్స్ వాటికి ఎలుకబోనులని పేరు పెట్టింది. 1835 ఆగస్టులో అలాంటి ఒక బోనులో ఆ ఇంటి కిటికీయే చిక్కింది. అది నేటికీ మిగిలిన అతి పాత నెగెటివ్. తపాలా బిళ్ళ కంటే పెద్దదేమీ కాదు. మొదట్లో భూతద్దం పెడితే సుమారు 200 గాజు పలకలూ లెక్కకు వచ్చేవని ఆయనే పక్కన రాసుకున్నాడు. ఇప్పుడది ఊదారంగు మరకలా మిగిలింది.

1839లో ఫ్రాన్సులో డాగ్యుయెర్ తన ఫొటో పద్ధతి ప్రకటించేదాకా టాల్బాట్ దీన్ని పెట్టెలోనే ఉంచుకున్నాడు. తర్వాత హడావిడిగా బయటపెట్టి, మెరుగుపరిచి, 1841లో పేటెంట్ తీసుకుని నలుగురి చేతా మాట పడ్డాడు. ఆ గొడవ మనకొద్దు. 1844 నుంచి భాగాలుగా తెచ్చిన 'ద పెన్సిల్ ఆఫ్ నేచర్'లో 24 ఫొటోలున్నాయి. వాటిలో నాకు నచ్చేది నిచ్చెన ఆనించిన గడ్డివామి. ఒక్కో పరకా కనిపిస్తుంది. ఆ పుస్తకంలోనే మరోచోట ఒక మాట అన్నాడు. తీసినవాడికి తీస్తున్నప్పుడు తెలియని వివరాలు ఫొటోలో తర్వాతెప్పుడో బయటపడతాయట. గోడమీది రాత కావచ్చు, దూరాన గడియారంలో వేళ కావచ్చు. కెమెరా సంగతి ఇంత తొందరగా ఇంత బాగా అర్థం చేసుకున్నవాళ్ళు అరుదు.

టాల్బాట్ మాట సాలిస్‌బరీ మైదానంలో మళ్ళీ మళ్ళీ రుజువైంది. 1906లో ఫిలిప్ హెన్రీ షార్ప్ అనే సైనికాధికారి బెలూన్ ఎక్కి స్టోన్‌హెంజ్‌ని పైనుంచి ఫొటో తీశాడు. బ్రిటన్‌లో ఒక పురాతన కట్టడాన్ని ఆకాశం నుంచి తీయడం అదే మొదలు. ఒరిగిన రాళ్ళకు కర్ర దూలాలు పోటు పెట్టి ఉండటం, మధ్యలోంచి బండ్లు పోయిన దారులు, అన్నీ అందులో ఉన్నాయి. తర్వాత ఆ మైదానం విమానాలకు నెలవైంది. 1912 జులై 5న అక్కడికి దగ్గర్లో విమానం కూలి ఇద్దరు సైనిక వైమానికులు చనిపోతే నాలుగురోడ్ల కూడలిలో రాతి శిలువ నిలిపారు. ఇప్పుడది స్టోన్‌హెంజ్ సందర్శకుల కేంద్రం దగ్గర ఉంది. లోపలికి పోయే తొందరలో దాని ముందు ఆగేవాళ్ళు తక్కువ.

1921లో వైమానిక దళం తీసిన కొన్ని ఫొటోలు రెండేళ్ళ తర్వాత ఓ.జి.ఎస్. క్రాఫర్డ్ అనే పురావస్తు పరిశోధకుడి చేతికొచ్చాయి. తీసినవాళ్ళకు పురావస్తువుల ధ్యాస లేదు. క్రాఫర్డ్‌కి మాత్రం పొలాల్లో సన్నటి జంట గీతలు కనపడ్డాయి. స్టోన్‌హెంజ్ నుంచి ఏటివైపు పోయే ప్రాచీన మార్గంలో నాగళ్ళ కింద చెరిగిపోయిన భాగమది. 1925 డిసెంబరులో గిల్బర్ట్ ఇన్సాల్ అనే పైలట్ స్టోన్‌హెంజ్‌కి మూడు కిలోమీటర్ల అవతల పొలంలో గుండ్రటి గుర్తు చూశాడు. మరుసటి వేసవిలో గోధుమ ఎదిగాక పైనుంచి ఫొటో తీస్తే వలయంలో వలయంగా చుక్కలు తేలాయి. ఒకప్పుడు నిలువు దుంగలు పాతిన గుంటలవి. దుంగలు ఎప్పుడో పుచ్చి మట్టయ్యాయి. అలా దొరికినదే వుడ్‌హెంజ్.

ఇందులో మాయేమీ లేదు, మన రైతు ఎవరినడిగినా చెబుతాడు. పెంటకుప్ప ఉన్న చోట మరుసటేడు పైరు నల్లగా ఏపుగా లేస్తుంది. పాత ఊళ్ళ దిబ్బల నుంచి పాటిమన్ను బండ్లకెత్తి చేలల్లో చల్లిన జాతి మనది. విల్ట్‌షైర్‌లో పైమట్టి పలచన, కింద అంతా సుద్ద. ఎప్పుడో తవ్వి పూడిన గుంటలో మట్టి లోతు ఎక్కువ, తేమ నిలుస్తుంది. అక్కడ గోధుమ రెండంగుళాలు ఎత్తు లేచి, పచ్చదనం ఆలస్యంగా వదులుతుంది. గట్టున నిలబడితే ఆ తేడా తెలియదు, పైనుంచి అయితే చెక్కడంలా కనిపిస్తుంది.

2013 జులైలో ఎండలు ముదిరాయి. స్టోన్‌హెంజ్ పచ్చిక ఎండిపోకుండా సిబ్బంది పైపులతో నీళ్ళు పెట్టారు. పైపు పొడవు చాలక ఒక పక్క తడపలేకపోయారు. పైరులో పచ్చదనం ఆనవాలైతే ఇక్కడ మాడటమే ఆనవాలైంది, ఆ ఎండిన గడ్డిలో కొన్నిచోట్ల మరింత మాడిన మచ్చలు లేచాయి. అక్కడి ఉద్యోగి ఒకరు వాటిని గమనించి, వలయంలో రాళ్ళు లేని ఖాళీలతో సరిపోల్చి చూశారు. ఒకప్పుడు రాళ్ళు నిలిచిన చోట్లే అవి. గడ్డి మళ్ళీ పచ్చబడే లోపు విమానంలోంచి ఫొటోలు తీశారు.