కోఠీ మేడ కట్టిన లెఫ్టినెంటు

మా యాప్రాలు నుండి కోఠీకి పోవుట యనగా సికింద్రాబాదు దండుబాటలన్నియు గడచి, నగరమును దాటి, మూసీ యొడ్డు చేరుటయే. కొంతకాలము క్రిందట బడిపిల్లలను కొందరిని వెంటబెట్టుకొని యచ్చటి పాత రెసిడెన్సీ మేడను చూపబోయితిని. ఎత్తైన స్తంభముల క్రింద నిలిచి, అలవాటు చొప్పున, “దీనిని కట్టినవాడు కిర్క్‌పాట్రిక్” అని చెప్పితిని. పదియేండ్ల బాలిక యొకతె తలయెత్తి, “ఆయనకు మేడలు కట్టుట వచ్చునా, మాస్టారూ?” అని యడిగినది. నాకు వెంటనే జవాబు తోచలేదు. ఇన్నియేండ్లుగా చరిత్ర బోధించుచు, కట్టించినవానిని కట్టినవానిగా చెప్పుచుంటినని యప్పటికి గాని తెలిసిరాలేదు.

జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ 1798 మొదలు 1805 వరకు నిజాము దర్బారున కంపెనీవారి రెసిడెంటు. మేడ కావలెనని కోరినవాడాయన. వ్యయమును భరించినది నిజాము ఖజానా. పటము గీచి పని నడపినవాడు మదరాసు ఇంజనీర్ల దళములోని లెఫ్టినెంటు శామ్యూల్ రస్సెల్. ఇతని తండ్రి జాన్ రస్సెల్ లండను రాయల్ అకాడమీ సభ్యుడు. రంగుసుద్దలతో మనుష్యుల రూపములు చిత్రించుటలో పేరుగాంచినవాడు. దూరదర్శినితో చంద్రబింబమును చూచి యేండ్ల తరబడి దాని పటములు గీచిన యోపికగలవాడు. కొడుకు చేతికి ఆ గీతల నేర్పు కొంత యబ్బియుండవచ్చును. వృత్తి మాత్రము దండు ఇంజనీరుదే.

ఇందు వింత యేమియు లేదు. ఆ దినములలో కంపెనీవారి గొప్ప కట్టడములు పెక్కు లిట్టివారి చేతిమీదుగనే లేచినవి. మదరాసులో 1802లో ముగిసిన విందుశాలను నిర్మించిన గోల్డింగ్‌హామ్ కంపెనీ ఖగోళశాస్త్రజ్ఞుడు. నక్షత్రములను లెక్కించువాడు స్తంభములను లెక్కించెను! 1803లో కలకత్తా గవర్నమెంటు హౌసును ముగించిన చార్లెస్ వయట్ బంగాళా ఇంజనీరు. అతడు మాదిరిగా గైకొన్నది డెర్బీషైరులోని కెడిల్‌స్టన్ భవనము. దానిని తీర్చిదిద్దినవారిలో ముఖ్యుడు స్కాటులండు దేశీయుడైన రాబర్ట్ ఆడమ్. మరియొక స్కాటు, ఆబర్డీను పురవాసి జేమ్స్ గిబ్స్, వాస్తువేత్తలు దొరకని దూరప్రాంతముల వారికి పనికివచ్చునని తన పటములను 1728లోనే గ్రంథముగా ముద్రించెను. మదరాసు ఎగ్మూరులో 1821లో వెలసిన స్కాటు దేవాలయము గిబ్స్ లండనులో కట్టిన చర్చి పోలికదే.

ఆబర్డీనులోనే తరువాతి తరమున ఆర్చిబాల్డ్ సింప్సన్ (1790–1847) రాజధాని నాశ్రయింపక, తన యూరి నల్లరాతితోనే తన యూరిని తీర్చెను. విక్టోరియా రాణి యేలుబడి తొలినాళ్లలో లేచిన మారిషల్ కళాశాల భవన మాతనిదే. ఆ యూరివారు అతని పేరు మరువలేదు. మన రస్సెల్ పేరు కోఠీలో నెందరికి తెలియును?

రస్సెల్ పని 1803 ప్రాంతమున మొదలైనది. ఉత్తరపు ముఖమున ఆరు కొరింథియన్ స్తంభములు, వానిపై ముక్కోణపు శిరోభాగమున కంపెనీ రాజచిహ్నము, విశాలమైన సోపానపంక్తి, దాని కిరువైపుల సింహములు, లోపల దర్బారుశాల, రెండుగా చీలి పైకెక్కు మెట్లు. దూరము నుండి చూచువారు స్తంభములు పాలరాతివనుకొందురు. ఆ తెలుపు రాతిది కాదు, గచ్చుది. సున్నమును గానుగలో నూరి, మెత్తి, నునుపుగా రుద్ది మెరపించుట మన తాపీవారి విద్య. కొరింథియన్ ఆకుల చుట్టలను అంతకుమున్ను తమ యూళ్లలో చూచియుండని చేతులు వానిని ఏ తడబాటును లేక మలచినవి. గీత రస్సెల్‌ది, ఆ గీతకు దేహము వీరిచ్చిరి. పాఠ్యపుస్తకములలో రస్సెల్ పేరైన నెచ్చటనో తగులును గాని, వీరి పేళ్లు తగులవు.

స్థలము సంపాదించుటను గూర్చి యొక కథ కలదు. కిర్క్‌పాట్రిక్ పెద్ద పటము చూపగా నిజాము నిరాకరించెనట; తన రాజ్యపు పటమంత కనబడినందున! పిదప చిన్న కాగితముపై గీయించి తెచ్చినంతనే సమ్మతించెనట. నవ్వుటకు బాగున్నది. కాని 1798, 1800 సంధులతో కంపెనీ సైన్యమును పోషించుచు, బళ్లారి కడప మండలములను వదలుకొన్న ప్రభుత్వము, తన సొమ్ముతోనే తనపై కన్నుంచువానికి రాజభవన మిచ్చుట నవ్వుటకు మాత్రమే తగిన సంగతియా?

కిర్క్‌పాట్రిక్ పూర్తియైన మేడలో కాపుర ముండనేలేదు. 1805 అక్టోబరులో కలకత్తాలో మరణించెను. ఘోషాలోనున్న భార్య ఖైరున్నీసా మేడ ముందరికి వచ్చి చూడజాలదని, దాని చిన్న నమూనాను ఆమె తోటలో కట్టించెనని చెప్పుదురు. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్ జనముతో నీ రెసిడెన్సీ పైకి వచ్చిరి. 1949లో స్త్రీల కళాశాల యిచ్చటికి చేరినది. 2022లో నది విశ్వవిద్యాలయమైనది. ఒకప్పు డొక స్త్రీ నమూనాలో మాత్రమే చూచినదను ముంగిట నేడు వేలకొలది బాలికలు నడచుచున్నారు.

తిరిగి వచ్చిన మరునాడు తరగతిలో నల్లబల్లపై “కట్టించినవాడు”, “కట్టినవాడు”, “కట్టినవారు” అని మూడు వరుసలు వ్రాసితిని. మూడవ వరుస కెదుట నేమి వ్రాయవలెనని పిల్లల నడుగగా, ఆ బాలికయే లేచి, “తాపీవారు” అని చెప్పినది. అట్లే వ్రాసితిని.