ఏడో దోషం

వెలిగొండల అవతల పోరుమామిళ్ల చెరువు కట్టించింది మన ఉదయగిరి నుంచి ఏలిన భాస్కర భవదూరుడు, బుక్కరాయల కొడుకు. 1369 నాటి శాసనంలో పని లెక్క కూడా ఉంది: రోజుకి వెయ్యిమంది కూలీలు, రాళ్లు తోలను వంద బండ్లు, రెండేళ్లు. అందులోనే చెరువుకు ఉండకూడని ఆరు దోషాలూ చెప్పారు. కట్ట కారడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం, నడిమధ్యన మెరక, నీళ్లు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీళ్లెక్కువై నేల చాలకపోవడం. మురుగు ఊసే లేదు. ఊరి మురుగును చెరువులోకి వదుల్తారని వాళ్లకు తట్టి ఉండదు.

మా వరికుంటపాడు మెట్టలో చెరువంటే కట్ట ఒక్కటే కాదు, వాననీళ్లు నడిచొచ్చే దారి కూడా. తొలకరికి ముందు ఇంటికో మనిషి వచ్చి ఆ కాలువ బాగుచేసేవాళ్లు. ఆ కుడిమరామత్తుకు రానివాళ్ల కోసం మద్రాసు రాజధానిలో 1858లో చట్టమే వచ్చింది. అప్పటికే కట్టుబాటు సడలిందని నా అనుమానం.

మా తాత నీరుకట్టు. తూము తీయడం, మడవలు కట్టడం ఆయన పని. కానీ ఆయన నోటికి ఎక్కువ చిక్కింది కుంటకొచ్చే కాలువలో పేడతట్ట కుమ్మరించినవాళ్లే. ఊరు తాగేది ఆ నీళ్లే కాబట్టి ఎవరూ ఎదురు చెప్పేవాళ్లు కాదు. మా నాయనమ్మ బిందె లోపల అంచుకు చిల్లగింజ అరగదీసేది. తెల్లారేసరికి బురదంతా అడుక్కి దిగి, పైన తేటనీళ్లు నిలిచేవి.

బోర్లొచ్చాక కుంటతో పని తీరింది, కాలువ మీద కాపలా పోయింది. తీరా మా ఉదయగిరి పక్క బోరునీళ్లలో ఫ్లోరైడు. పళ్లు గారబట్టాయి, నడుములు పట్టేశాయి. వాననీళ్లకు ఆ పీడ లేదు. అవి కుంటలో ఉండగానే మనం ఇరవై లీటర్ల క్యాన్లు కొంటున్నాం.

ఇప్పుడు సిమెంటు రోడ్డు పక్కన సైడు కాలువ. అందులో సబ్బు నురగ, ట్రాక్టరు కడిగిన నూనె, క్యారీబ్యాగులు. ఎండాకాలమంతా అక్కడే మురిగి, తొలివానకు ఒక్క ఊపున పల్లానికి పోతాయి. ఎటు పోతాయని పిల్లకాయల్ని అడిగితే "బయటికి" అంటారు. పెద్దోళ్లూ అంతే. కాలువ ఒకరి లెక్కలో, చెరువు ఇంకొకరి లెక్కలో; శాసనం చెప్పిన సరిహద్దు దోషం ఇదేగా!

అమెరికాలో చాలా ఊళ్లలో వాననీటి కాలువ మూత మీద చేపబొమ్మ వేసి, ఈ నీళ్లు ఏ నదికి పోతాయో రాస్తారు. మనకు సున్నం, కుంచె చాలు. చేపే వెయ్యక్కర్లేదు, కాలువ గోడ మీద మన కుంట పేరు రాస్తే సరిపోతుంది.