గాలి, ఎండమావుల అంచనా (షూటింగు)

గాలి, ఎండమావుల అంచనా అనగా ఆరుబయట జరిగే రైఫిలు షూటింగులో, తూటా లక్ష్యాన్ని చేరేలోగా గాలి దానిని ఎంత పక్కకు నెడుతుందో ముందుగా గ్రహించి గురిని సరిదిద్దుకొనే నైపుణ్యం. గాలి కంటికి కనబడదు గనుక షూటర్లు దాని జాడలను గమనిస్తారు. జెండాలు, గడ్డి, దుమ్ము, చెట్ల కొమ్మలు అటువంటివి. వీటన్నింటికంటె సూక్ష్మమైన జాడ ఎండమావి.

గాలి ప్రభావం

తూటా ప్రయాణానికి శూన్యంలో పట్టే కాలం కంటె గాలిలో కొంత ఎక్కువ పడుతుంది. ఈ ఆలస్యాన్ని పక్కగాలి వేగంతో గుణిస్తే తూటా ఎంత జరుగుతుందో తెలుస్తుంది. 50 మీటర్ల పోటీలలో వాడే 5.6 మి.మీ. తూటా సెకనుకు 1 మీటరు పక్కగాలికి సుమారు 5 మి.మీ. జరుగుతుంది. ఈ పోటీలో పది పాయింట్ల వలయం వ్యాసం 10.4 మి.మీ. మాత్రమే. తూటా రంధ్రం అంచు వలయాన్ని తాకినా పది పాయింట్లు లభిస్తాయి గనుక, మధ్యబిందువు నుండి 8 మి.మీ. వరకు జరిగినా నష్టం లేదు. గాలి సెకనుకు 2 మీటర్లైతే మాత్రం, గురి తప్పకపోయినా తొమ్మిదే వస్తుంది. చెంపకు సోకినా పట్టించుకోనంత పిల్లగాలి అది. 1000 గజాల ఫుల్‌బోర్ పోటీలలోనైతే సెకనుకు 1 మీటరు గాలికే తూటా దాదాపు అర మీటరు పక్కకు పోతుంది.

గొట్టంలోని మరలు కుడివైపు తిరిగి ఉంటే, కుడినుండి వీచే గాలికి తూటా ఎడమకు జరగడమే కాక కొద్దిగా పైకి లేస్తుంది. ఎడమగాలికి కుడివైపుకు, కొద్దిగా కిందికి పోతుంది.

అంతర్జాతీయ నియమాల ప్రకారం 50 మీటర్ల రేంజిలో కాల్చే గీత నుండి 10, 30 మీటర్ల వద్ద గాలి జెండాలు కడతారు. రెండు జెండాలు వేర్వేరు దిక్కులు చూపడం సాధారణమే. అప్పుడు దగ్గరి జెండాకు ఎక్కువ విలువనిస్తారు. ఆరంభంలో మళ్ళిన దారి మిగిలిన దూరమంతా కొనసాగడమే దీనికి కారణం.

ఎండమావి

ఎండకు కాగిన నేలపై వేడిగాలి, చల్లగాలి పొరలలో కాంతి వక్రీభవనం చెందుతుంది. వేసవిలో ఔటర్ రింగు రోడ్డుపై నీళ్ళున్నట్లు కనబడడానికి కారణం ఇదే. తెలుగులో ఎండమావి భ్రమకు మారుపేరు కాగా, షూటరుకు అది గాలిని చూపే సాధనం. స్పాటింగ్ స్కోపును లక్ష్యానికి కొంచెం ఇవతల కేంద్రీకరిస్తే పారుతున్న నీటివంటి అలలు కనిపిస్తాయి. గాలి లేనప్పుడు అవి మరుగుతున్నట్లు నిటారుగా లేస్తాయి. గాలి వీచినకొద్దీ ఒక పక్కకు వాలుతాయి. సెకనుకు 4, 5 మీటర్లకు దాదాపు అడ్డంగా పారుతాయి. గాలి ఇంకా పెరిగితే వాటి తేడా తెలియదు.

మరిగే స్థితిని చూసి గాలి లేదనుకోవడం కొత్తవారు చేసే పొరపాటు. ఎదురుగాలికి, వెనుకగాలికి కూడా అలలు అలాగే కనిపిస్తాయి. గాలి దిక్కు మారే క్షణమూ అదే కావచ్చు. కనుక అనుభవజ్ఞులు ఆ సమయంలో కాల్చక, అలలు ఏదో ఒక పక్కకు వాలేదాకా ఆగుతారు. వేడెక్కిన గొట్టం నుండి లేచే ఆవిరి వంటి అలలు కూడా గురిని చెదరగొడతాయి. వాటిని ఆపడానికి గొట్టంపై ఒక పట్టీ బిగిస్తారు.

హైదరాబాదులో

సైబరాబాదు ప్రాంతంలో, గచ్చిబౌలిలోని హైదరాబాదు విశ్వవిద్యాలయం ఆవరణలో షూటింగ్ రేంజి ఉంది. 2003 ఆఫ్రో-ఆసియా క్రీడల షూటింగ్ పోటీలు ఇక్కడ జరిగాయి. నగరం సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున దక్కను పీఠభూమిపై ఉంది. మార్చి నుండి మే వరకు ఎండమావి బలంగా ఉంటుంది. జూన్ నుండి సెప్టెంబరు వరకు పడమటి గాలులు హెచ్చుగా వీస్తాయి, మబ్బు పట్టినప్పుడు ఎండమావి కనబడదు, ఇక జెండాలే ఆధారం. గ్రానైటు గుట్టలు, ఎత్తైన భవనాలు ఉన్నచోట గాలి సుడి తిరిగి జెండాలను కూడా తికమక పెట్టగలదు.

హైదరాబాదుకు చెందిన గగన్ నారంగ్ ఆ 2003 క్రీడలలో 10 మీటర్ల ఎయిర్ రైఫిలులో స్వర్ణం గెలిచాడు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో అదే అంశంలో కాంస్యం సాధించాడు. ఒలింపిక్స్‌లో ఈ పోటీ హాలులో జరుగుతుంది, గాలి సమస్య ఉండదు. అదే ఒలింపిక్స్‌లో 50 మీటర్ల అంశాలలో అతడు ఫైనలుకు చేరలేదు. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడలలో మాత్రం 50 మీటర్లలో పడుకొని కాల్చే అంశంలో రజతం, మూడు భంగిమల అంశంలో కాంస్యం పొందాడు. పడుకొని కాల్చే అంశాన్ని 2016 రియో తరువాత ఒలింపిక్స్ నుండి తొలగించారు. మూడు భంగిమల పోటీ కొనసాగుతున్నది.