పొజోలానా పదార్థాల ప్రయోగశాల పరీక్షలు

పొజోలానా పదార్థాలు నీటితో మాత్రమే కలిపితే దాదాపుగా గట్టిపడవు. సున్నం తోడైతే వాటిలోని గాజురూప సిలికా, అల్యూమినా ప్రతిచర్య జరిపి సిమెంటులో ఉండే బంధక సమ్మేళనాల వంటివాటినే ఇస్తాయి. ఫ్లైయాష్, సిలికా ఫ్యూమ్, కాల్చిన బంకమట్టి, ఊక బూడిద, అగ్నిపర్వత బూడిద ఈ కోవలోవి. మన దేశంలో కాల్చిన ఇటుకల పొడిని సుర్కీ పేరుతో సున్నంలో కలిపే వాడుక పాతది. 1895లో పూర్తయిన ముల్లపెరియార్ ఆనకట్ట సున్నం, సుర్కీల కట్టడం. తుంగభద్ర ఆనకట్టలోనూ సుర్కీ వాడారని పలు గ్రంథాలు చెబుతాయి గానీ, మోతాదుల వివరాలు వాటిలో అరుదు.

భారతదేశంలో పరీక్షా విధానాలకు ఐ.ఎస్. 1727:1967, ఫ్లైయాష్ హద్దులకు ఐ.ఎస్. 3812 మొదటి భాగం ఆధారం. వీటిలో కీలకమైనది సున్నపు ప్రతిచర్య పరీక్ష. ఆర్పిన సున్నం, పొజోలానా, ప్రామాణిక ఇసుకలను 1 : 2ఎం : 9 బరువుల నిష్పత్తిలో కలుపుతారు. ఇక్కడ ఎం అంటే పొజోలానా విశిష్ట సాంద్రతను సున్నపు విశిష్ట సాంద్రతతో భాగించగా వచ్చే విలువ. దీనివల్ల పదార్థం బరువైనదైనా తేలికైనదైనా సున్నానికి రెండింతల ఘనపరిమాణంలోనే పడుతుంది. ఫ్లో టేబుల్ మీద 70±5 శాతం వ్యాప్తి వచ్చేటట్టు నీరు సరిచూసి, 50 మిల్లీమీటర్ల క్యూబులు పోస్తారు. వాటిని 48 గంటలు తడి గోనె కింద, ఆపైన 8 రోజులు 50±2 డిగ్రీల సెల్సియస్ వేడిలో, 90 శాతానికి తగ్గని తేమలో ఉంచి, పదో రోజున నొక్కి పగలగొడతారు. ఫ్లైయాష్‌కు కనీసం 4.5 న్యూటన్లు/చదరపు మిల్లీమీటరు బలం రావాలి. మామూలు ఉష్ణోగ్రతలో ఈ ప్రతిచర్య చాలా నెమ్మది కాబట్టే వేడి పెడతారు. గాలి తగిలి కార్బనేటుగా మారిన పాత సున్నం వాడితే మంచి బూడిద కూడా నాసిరకంగా తేలుతుంది. సున్నం డబ్బా మూత గట్టిగా ఉందా అని చూడడం కూడా పరీక్షలో భాగమే.

రెండో కొలత సిమెంటు మోర్టార్ బలం. సిమెంటులో ఐదో వంతును పొజోలానాతో మార్చి, 28 రోజుల బలాన్ని సాదా సిమెంటు మోర్టార్‌తో పోలుస్తారు. ఐ.ఎస్. 3812 కనీసం 80 శాతం అడుగుతుంది. అమెరికా ప్రమాణం ఏ.ఎస్.టి.ఎం. సి618లో ఈ హద్దు 75 శాతం, 7 లేదా 28 రోజులకు. మెత్తగా నూరిన, ప్రతిచర్య లేని క్వార్ట్జ్ పొడి కూడా కేవలం రంధ్రాలు పూడ్చి, సిమెంటు కణాలకు చోటిచ్చి ఈ హద్దు దాటగలదని పలువురు పరిశోధకులు చూపారు. కనుక బలం ఒక్కటే పొజోలానా గుణానికి సాక్ష్యం కాదు.

నేరుగా సున్నం ఖర్చును కొలిచే పద్ధతులు ఈ లోటు తీరుస్తాయి. వాటిలో ఒకటి ఫ్రాటినీ పరీక్ష.  యూరోపియన్ ప్రమాణం ఈ.ఎన్. 196-5 రూపంలో పొజోలానా కలిపిన సిమెంటు 20 గ్రాములను 100 మిల్లీలీటర్ల నీటిలో 40 డిగ్రీల వద్ద 8 రోజులు, అవసరమైతే 15 రోజులు ఉంచుతారు. ద్రవంలోని కాల్షియం పరిమాణం సంతృప్త రేఖకు కింద పడితే సున్నం ఖర్చయినట్టే. చాపెల్ పరీక్ష కూడా ఇదే దారిలో నడిచేది. లోసాన్‌లో రూపుదిద్దుకున్న ఆర్3 పరీక్ష మాత్రం సున్నం ఖర్చుకు బదులు వారంలోపు వెలువడే వేడిని గానీ, బంధించిన నీటిని గానీ కొలుస్తుంది. అది 2020లో ఏ.ఎస్.టి.ఎం. సి1897గా ప్రమాణమైంది. కాల్చిన బంకమట్టిని ఎంచడానికి ఉన్న మేలైన పరీక్షల్లో ఇది ఒకటి.

రసాయన విశ్లేషణకు పరిమితి ఉంది. సున్నం తక్కువగల ఫ్లైయాష్‌లో సిలికా, అల్యూమినా, ఇనుప ఆక్సైడుల మొత్తం 70 శాతం దాటాలన్న నియమంలో ప్రతిచర్య లేని క్వార్ట్జ్, ముల్లైటు కూడా లెక్కలోకి వస్తాయి. ఆ కొరత తీర్చడానికే కనీసం 20 శాతం క్రియాశీల సిలికా ఉండాలన్న నియమం. మెత్తదనం బ్లేన్ పద్ధతిలో కనీసం 320 చదరపు మీటర్లు/కిలో ఉండాలి. బూడిద మెత్తదనం స్థిరంగా ఉండదు. రామగుండం, కొత్తగూడెం వంటి విద్యుత్ కేంద్రాల్లో పొగలోని బూడిదను పట్టే ప్రెసిపిటేటర్ తొలి వరసలో పడేది ముతక, వెనక వరసల్లోది మెత్తన. సిలికా ఫ్యూమ్ ఎంతో సన్నం కనుక దానికి బ్లేన్ పనికిరాదు, నైట్రోజన్ అధిశోషణ పద్ధతి వాడతారు. కాల్చినప్పటి బరువు నష్టం 5 శాతం మించరాదు. ఈ నష్టానికి ముఖ్య కారణం బూడిదలో మిగిలిన కార్బన్. అది కాంక్రీటులోకి గాలి బుడగలు తెచ్చే రసాయనాన్ని పీల్చేస్తుంది.

ఊక బూడిద విషయంలో కాల్చిన ఉష్ణోగ్రత చాలా కీలకం. అదుపులేని వేడిలో సిలికా స్ఫటికాలుగా మారి ప్రతిచర్య శక్తి కోల్పోతుంది. ఎక్స్-రే వివర్తనంలో వెడల్పాటి గుబ్బ స్థానంలో సూదిగీతలు వస్తే అది ఆ మార్పుకు గుర్తు. పనితీరు, ఏకరూపత నిరూపణ అయితేనే ఐ.ఎస్. 456:2000 దీన్ని కాంక్రీటులో అనుమతిస్తుంది. కాబట్టి ప్రతి మిల్లు బూడిదనూ, వచ్చిన ప్రతి కొత్త లోడునూ విడిగా పరీక్షించాలి.