రోగ్మన్ చిత్రములందలి కోట

రామసముద్రమునకు పొరుగుననున్న పుంగనూరులో పాలెగాండ్రు ఇంగ్లీషువారి పాలనమున జమీందారులైరి. సైనికాధికారము పోయినను మర్యాద నిలిచెను. 17వ శతాబ్దమున డచ్చిదేశమునందును ఇట్టి స్థితియే యుండెననుటకు రోలాంట్ రోగ్మన్ గీసిన చిత్రములు సాక్ష్యము.

ఆమ్‌స్టర్‌డాం వాడైన ఈ చిత్రకారుడు ఇరువదేండ్ల ప్రాయమున, 1646-47 సంవత్సరములలో, హాలండు, యూట్రెక్టు సీమలలోని కోటలను, దొరల భవనములను సుమారు 240 చిత్రములుగా గీసెను. నల్లసుద్దతో రేఖలు దీర్చి, పలుచని సిరాతో నీడలు దిద్దినాడు. ఇవి వట్టి ప్రకృతిదృశ్యములని తలచుట పొరపాటు. యూట్రెక్టు సీమలో ఉన్నతవంశీయుడు రాష్ట్రసభయందలి ప్రభువర్గమున జేరుటకు వంశ మొక్కటియే చాలదు. 1536లో సిద్ధపరచిన పట్టిక కెక్కిన కోట యొకటి యుండవలెను. అగడ్తయు, ఎత్తుడువంతెనయు అట్టి కోటకు ముఖ్యలక్షణములు. ఫిరంగుల కాలమున ఆ అగడ్త శత్రువు నాపజాలదు. అయినను యజమానికి సభలో పీఠము నిచ్చుచుండెను! ధనికులైన వర్తకులును ఇట్టి భూములను గొని, ఆ యూళ్ల పేళ్లను తమ పేళ్లకు జేర్చుకొనిరి.

ఆ కోటలలో పెక్కు తరువాత కూలద్రోయబడినవి. వాని రూపు నెరుగుటకు పరిశోధకులకు నేడీ కాగితములే శరణ్యము.

కుప్పమునకు దక్షిణముననున్న బారామహలు కొండకోటలను 1792లో డేనియల్ చిత్రకారులును గీసిరి. కాని మైసూరు యుద్ధము ముగిసిన యేడు వచ్చిన ఆ బాటసారులకు కోట యొక రమ్యదృశ్యము. కోటలోనివారి బిరుదములు, కావలి హక్కులు దెలియవలెనన్న మెకంజీ సేకరించిన కైఫీయతులను జదువవలెను.