అగసాలెయుఁ దరుగును — భగ్నాభరణ విక్రయ చరిత్రము

పెనుకొండ, హిందూపురము, ధర్మవరము అను మూఁడు పట్టణముల ప్రాంతమునఁ దెలుఁగును గన్నడమును గలసిమెలసి వ్యవహరింపఁబడుచుండును. బంగారుపని చేయువానిని గంసాలి యనుటయే కాక అగసాలె యనుటయు నిట్టి సీమలయందలి వాడుక. నిఘంటువులు అక్కసాలె, అగసాలె యను రెండు రూపములను జెప్పుచున్నవి. కన్నడమునను నీ రెండును గలవు. సంస్కృతమందలి అక్షశాలాశబ్దము ప్రాకృతమున అక్ఖసాలా యై, దేశభాషలయం దీ రూపమును బొందినది. శాల యనఁగా గృహము. అగసాలె యనఁగా మనుష్యుఁడు. గృహవాచకము మనుష్యవాచక మగుటకుఁ దాత్స్థ్యము కారణము. మంచములు కేకలు వేయుచున్న వన్నప్పుడు మంచముల మీఁది జనులే యర్థమగునట్లు, శాలలోఁ బనిచేయువాఁడు శాల పేరనే పిలువఁబడెను. ఈ పదచరిత్రము వ్యాకరణవినోదమునకు మాత్రమే చాలునది కాదు. విఱిగిన నగను విక్రయింపఁబోవు గృహస్థునకుఁ గలుగు నష్టము యొక్క మూలము నిందుఁ గొంత వెదకవచ్చును.

మైసూరు ప్రాచ్యపుస్తక భాండాగారమునకు వచ్చిన వ్రాఁతప్రతి నాధారముగాఁ గొని ఆర్. శామశాస్త్రిగారు 1909లోఁ బ్రకటించిన కౌటిలీయార్థశాస్త్రమున, ద్వితీయాధికరణమందలి పదుమూఁడవ యధ్యాయము అక్షశాలను వర్ణించుచున్నది. దానికి నాలుగు శాలలు, ఒకటే ద్వారము. ఒక గదినుండి మఱియొక గదికి మార్గములేదు. నియుక్తుఁడు కానివాఁ డందుఁ బ్రవేశింపరాదు. పనివారు లోనికిఁ బోవునపుడును వెలికి వచ్చునపుడును వారి వస్త్రములును హస్తములును బరీక్షింపఁబడును. అనఁగా నక్షశాల రాజశాసనమునకు లోఁబడిన కర్మస్థానము. కాలక్రమమున నా శాల పోయినది. పేరు పనివాని కెక్కినది. ద్వారమునొద్ది పరీక్ష మాత్రము పేరువెంట రాలేదు.

తరువాతి యధ్యాయము అంగడివీథిలోని స్వర్ణకారుల నడవడిని విధించుచున్నది. ఏ వన్నెతో, ఏ తూనికతో బంగార మొప్పగింపఁబడెనో యా వన్నెతో నా తూనికతోడనే మరల నీయవలయు ననియు, చాలకాలము గడచినను నట్లే పుచ్చుకొనవలయు ననియు నియమము. ఇందులకు రెండే మినహాయింపులు: క్షీణము, పరిశీర్ణము, అనఁగా నరిగినది, శిథిలమైనది. మఱియు విఱిగినవి, ఖండింపఁబడినవి, ఒరసికొని పోయినవి యగు నగలలో నెంత లోపించినదో యట్టిదే యగు మఱియొక వస్తువుతోఁ బోల్చి యూహింపవలయునని యా గ్రంథకర్త చెప్పెను. కావున భగ్నసువర్ణము ప్రత్యేకవిచారమున కర్హమగు తెగగా నాఁడే పరిగణింపఁబడెను. లోపమును నిర్ణయింపవలసిన భారము పరీక్షకునిది.

బంగారము నపహరించు నుపాయము లైదని యచ్చటనే లెక్క కలదు: తులావిషమము, అపసారణము, విస్రావణము, పేటకము, పింకము. తొలిది దొంగత్రాసు. రెండవది మేలిబంగారమును దొలఁగించి హీనలోహము నుంచుట. వీనిలో అపసారణ విస్రావణ శబ్దముల రూపము గమనింపఁదగినది. ఇవి ణిజంతధాతువులనుండి పుట్టినవి. సరించుట వేఱు, సరింపఁజేయుట వేఱు. స్రవించుట వేఱు, స్రవింపఁజేయుట వేఱు. ణిజంతమైనచోఁ బ్రయోజకకర్త యొకఁ డుండి తీరవలయును. బంగారము తనంత జాఱలేదు, ఒకఁడు జాఱఁజేసెను అను నర్థము పదమునందే యున్నది.

నేఁటి యంగడిలోని పదము తరుగు. ఇది అకర్మకమగు తరుగుధాతువునుండి యేర్పడిన నామము. “బంగారము తరిగినది” యను వాక్యమునఁ గర్త బంగారమే. తగ్గించినవాఁ డెవఁడో, ఏ కారణమునఁ దగ్గినదో యా వాక్యము చెప్పదు. పదము నందు దోషములేదు. ఒకే పదమును మూఁడు వేఱువేఱు క్షయములకుఁ బ్రయోగించుటలో దోషమున్నది.

మొదటిది ఘర్షణక్షయము. ఇరువదియేండ్లు మెడలో నున్న గొలుసు కడియములు కడియములతో నొరసికొని యరుగును. ఈ నష్టము త్రాసులో నిడినంతనే తెలియును. తూనిక తగ్గియే యుండును గనుక దానిని మరలఁ దీసివేయుటకు న్యాయములేదు. రెండవది వర్ణక్షయము. అతుకులు పెట్టుటకు వాడు లోహము బంగారముకంటె ముందుగాఁ గరఁగవలయును. అందుచే దానిలో హీనలోహము చేరును. పలుమాఱులు తెగి యతుకఁబడిన నగను గరఁగించినచో ముద్దయొక్క వన్నె నగ వన్నెకంటెఁ దగ్గుట సహజము. బోలునగలలోని లక్కయు, పొదిగిన రాళ్ళును బంగారము గావు. వానిని దీసివేయుట యుక్తమే. మూఁడవది యగ్నిక్షయము: మూసలోఁ గరఁగించునపుడు పోవునది. ఈ మూఁటిని విడఁదీసి చెప్పినచో వివాదమునకుఁ దావు లేదు. కలిపి యొక్క తరుగని చెప్పినచో విక్రేత ప్రశ్నింప నేరఁడు.

అగ్నిక్షయమును గూర్చి ప్రాచీనుల మాట స్పష్టమైనది. కౌటిల్యుఁడు సువర్ణమున కొక కాకణి క్షయమును జెల్లనిచ్చెను. సువర్ణ మనఁగాఁ బదునాఱు మాషలు, మాషకు నాలుగు కాకణులు. కావున నది యఱువదినాలుగింట నొకపాలు. యాజ్ఞవల్క్యుఁ డింకను గఠినుఁడు. నిప్పులో బంగారమునకు క్షయమే లేదనియు, వెండికి నూటికి రెండు పలములనియు, తగరమునకును సీసమునకును నెనిమిదనియు, రాగి కైదనియు, ఇనుమునకుఁ బదియనియు నాతని వ్యవస్థ. కల్యాణ చాళుక్యరాజ్యమున విజ్ఞానేశ్వరుఁ డా స్మృతికి మితాక్షరను రచించెను. దానినే మూలఘటిక కేతన విజ్ఞానేశ్వరీయ మను పేరఁ దెలుఁగుచేసెను. వ్యవహారధర్మమునఁ దెలుఁగువారికిఁ బ్రమాణమైన సంప్రదాయ మిదియే.

లెక్కచేసి చూచిన భేదము తెలియును. ఇరువది గ్రాముల విఱిగిన గాజున్నదనుకొందురు గాక. కౌటిల్యుని మతమునఁ జెల్లు క్షయము గ్రాములో మూఁడవవంతునకును లోపలనే యుండును. అంగడిలో నూటికి నైదు తరుగని తీసినచో నొక గ్రాము పోవును. మూఁడింతలకుఁ బైఁబడిన యీ యధికమునకు నగ్ని కారణమని చెప్పినచో యాజ్ఞవల్క్యుఁ డొప్పుకొనఁడు.

వన్నె యను పదమును వర్ణశబ్దభవమే. మేలిమికిఁ బదాఱువన్నె బంగారమని తెలుఁగున లోకోక్తి. కౌటిల్యుఁడును బదునాఱు వర్ణకములనే చెప్పెను. ఒక్కొక్క కాకణి మేలిమిని దీసి యొక్కొక్క కాకణి రాగిని గలిపినచో నవి యేర్పడును. నేఁడు ఇరువదిరెండు కారట్లని పిలువఁబడునది వేయింటఁ దొమ్మిదివందల పదునాఱు పాళ్ళ బంగారము. పదునాఱింట లెక్కించినచోఁ బదునాలుగుంబావు మీఱి, పదునేనింటికి లోపల నిలుచును. ఒరగల్లుపైఁ గీచిన గీఁతను, వన్నె తెలిసిన కడ్డీల గీఁతలతోఁ బోల్చి చూచుటయే దీని పరీక్ష. కాని గీఁత పైపొరనే చెప్పును. అతుకు లోపలి గుణమును జెప్పఁజాలదు.

పెనుకొండ చరిత్రమునఁ దూనికయు వన్నెయు నాణెమునఁ గూడియుండిన కాలమొకటి కలదు. 1443లో విజయనగరమును జూచిన అబ్దుర్ రజాకు, బంగారమునఁ గల్తీ చేర్చి చేసిన వరాహ, అందు సగమగు ప్రతాపము, ప్రతాపమునఁ బదియవవంతగు పణము అను మూఁడు నాణెములను బేర్కొని, రాజ్యభాగములనుండి నియతకాలమున ధనము టంకశాలకుఁ జేరుచుండెనని వ్రాసెను. 1565 జనవరి యుద్ధానంతరము తిరుమలరాయఁడు ధనరాశులతోఁ బెనుకొండఁ జేరి దానిని రాజధానిగాఁ జేసికొనెను. రాజ్యబలము సడలినంతనే నాణెపు నమ్మకమును సడలెను. 1567లో విజయనగరమున నుండిన సీజరు ఫ్రెడరికు సముద్రతీరమునకుఁ బోవుచు, ఒక దొర సీమలోని రాగినాణెము మఱునాఁడు మఱియొక దొర సీమలోఁ జెల్లకుండుటను గాంచెను. ఇట్టి స్థితిలో నాణెమునకైనను నగకైనను షరాబు చూపే ప్రమాణము. 1800లో నీ సీమ కుంఫిణీవారి వశమైనది. 1818లోఁ జెన్నపురి ప్రభుత్వము వెండిరూపాయను బ్రధాననాణెముగాఁ జేసి, నూఱు వరాహలకు మూఁడువందల యేఁబది రూపాయలు వెలకట్టెను. నాఁటినుండి మెడలోని బంగారము ధనమునకు సోదరము గాక సరకైనది. సరకున కంగడివాఁడు చెప్పినదే వెల.

ఆ వెల యడుగవలసిన సమయమును సామాన్యముగా నాపత్సమయమే. దుర్భిక్షమున, ధర్మకార్యమున, వ్యాధియందు, నిర్బంధమునందు భర్త గ్రహించిన స్త్రీధనమును మరల నీయనక్కఱలేదని యాజ్ఞవల్క్యుఁడు విధించెను. 1876–78 నాఁటి ధాతకఱవున నీ మూఁడు పట్టణములు బళ్ళారిజిల్లాలో నుండెను; అనంతపురముజిల్లా 1882లో నేర్పడినది. ఆ కఱవున దక్షిణదేశపు రైతులు విక్రయించిన వెండినగలు రాసులుగా బొంబాయి టంకశాలకుఁ జేరెను. 1931 సెప్టెంబరులో నాంగ్లేయులు స్వర్ణప్రమాణమును విడిచినప్పుడు బంగారపు వెల పెరిగినది. పంటల వెల యంతకుముందే పడిపోయియున్నది. గ్రామములలోని నగలు ముద్దలై యోడలెక్కినవి. స్త్రీధన మొకమాఱు శాస్త్రానుమతిచేతను, మఱియొకమాఱు తరుగుచేతను దగ్గెను. మొదటిదానికిఁ గారణము చెప్పఁబడినది, రెండవదానికిఁ జెప్పఁబడలేదు.

ధర్మవరమున నీ విషయమే పట్టుచీరెలయందుఁ గానవచ్చును. జరీ యనఁగాఁ బట్టుదారముపైఁ బలుచని వెండితీఁగ చుట్టి, బంగారుపూఁత పూసినది. చిరిగిన పాతచీరెలను గొనువారు వానిని గాల్చి వెండిని దీయుదురు. పట్టు భస్మమగును, బంగారము లేశమాత్రము. ఇచ్చట విక్రేత చేతిలోఁ దూనిక కూడ నుండదు, చీరె బరువు లోహపు బరువు గాదు గనుక. నూటికి రెండు పలము లను వెండినియమమును గరఁగిన ముద్దకే యన్వయింపవలయును. గాల్చుటకుముందు చెప్పిన వెల యూహమాత్రము.

స్వతంత్రభారతమున 1963 జనవరిలో స్వర్ణనియంత్రణ నిబంధనలు వచ్చి, పదునాలుగు కారట్లకు మించిన క్రొత్తనగల నిర్మాణమును నిషేధించెను. అనేకులగు స్వర్ణకారులు జీవనము గోల్పోయిరి. 1968 నాఁటి చట్టము 1990లో రద్దయ్యెను. ఈ నియంత్రణము బంగారపు నిలువలను గట్టడిచేయఁ జూచెను గాని, విక్రేత యడుగవలసిన లెక్కను దీర్పలేదు. ఇంగ్లండున 1300లోనే చిఱుతపులితల ముద్ర శాసనబద్ధమైనది. భారతదేశమున వన్నెముద్ర 2000లోఁ బ్రారంభమై, 2021 జూన్ 16 మొదలు కొన్ని జిల్లాలలోఁ దప్పనిసరి యైనది. 2023 ఏప్రిల్ 1 నుండి నాఱక్షరాంకముల గుర్తు లేని ముద్రితనగను వర్తకుఁ డమ్మరాదు. ముద్రలేని పాతనగను గృహస్థుఁ డమ్ముకొనుటకుఁ బ్రతిబంధము లేదు. పరీక్షాకేంద్రమున వన్నె చూపించుకొనవచ్చును.

అక్షశాలాద్వారమునొద్ది పరీక్ష యిట్లు కొంత మరలివచ్చినది. ఐనను ముద్ర చెప్పునది వన్నెను మాత్రమే. అరిగినదెంత, అతుకునఁ బోయినదెంత, నిప్పునఁ బోయినదెంత యను మూఁడంకెలను వేఱువేఱుగా వ్రాసి, మూసను విక్రేత కన్నులయెదుట నుంచినప్పుడే భగ్నసువర్ణమునకుఁ గౌటిల్యుఁడు కోరిన న్యాయము జరుగును. అంతవఱకుఁ దరుగను నకర్మకపదమునకుఁ గర్త నడుగుట విక్రేతకుఁ దగిన ప్రశ్న.