తాతల వాచీలకి కొత్త మొహాలు

ఈ మధ్య మా ఆఫీసులో పాత వాచీల పిచ్చి పట్టుకుంది. వారమంతా అడుగులు లెక్కపెట్టే స్మార్ట్ వాచీ, శుక్రవారం మాత్రం కీ ఇచ్చే హెచ్ఎమ్‌టీ. మొన్న ఒకాయన కొత్తగా తెప్పించుకున్న జనతా చూపించాడు. నీలం డయలు, ఎర్రటి సెకన్ల ముల్లు, మిలమిలా మెరిసిపోతోంది. "డెబ్భైల్లోది బాస్, రిస్టోర్ చేశారు" అన్నాడు. లోపలి మెషీను నిజంగానే అప్పటిది కావచ్చు. డయలు వయసు మాత్రం ఆర్నెల్లు కూడా ఉండదు!

దీనికి నేనెందుకు ఇంత బాధపడుతున్నానో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి మనవాళ్ళ చేతులకి ఉన్నవి స్విస్ వాచీలే: ఫేవర్ లూబా, వెస్ట్ ఎండ్ లాంటివి. తర్వాత దిగుమతుల మీద ఆంక్షలొచ్చాయి. దాంతో దొంగ సరుకు పెరిగింది (పాత సినిమాల్లో స్మగ్లరు పెట్టె తెరిస్తే బంగారు బిస్కెట్ల పక్కన వాచీలు కూడా ఉండేవి, గుర్తుందా?). 1953లో యంత్రాల తయారీకి పుట్టిన హిందుస్తాన్ మెషీన్ టూల్స్, 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగళూరులో వాచీల ఫ్యాక్టరీ పెట్టింది. మొదటి బ్యాచ్‌ని నెహ్రూ విడుదల చేశారు. తర్వాత్తర్వాత శ్రీనగర్, తుమకూరు, రాణీబాగ్‌లకి కూడా ఫ్యాక్టరీలు వెళ్ళాయి. లేతుల్లాంటి పెద్ద యంత్రాలు చేసే కంపెనీ వెంట్రుక మందం స్ప్రింగులున్న వాచీల్లోకి దిగడం మామూలు సాహసం కాదు.

జనతా లోపలి మెషీను సిటిజన్ డిజైనే. పదిహేడు జ్యుయెల్స్, అంటే అరుగుదల తగ్గించడానికి ఇరుసుల దగ్గర పెట్టే కృత్రిమ కెంపులు. గంటకి 18,000 సార్లు కొట్టుకుంటుంది, అంటే సెకనుకి ఐదు. రోజూ పొద్దున్నే కీ ఇవ్వాలి. కింద పడితే బేలన్స్ ఇరుసు విరక్కుండా పారాషాక్ అనే ఏర్పాటు ఉంటుంది, ఆ పేరు డయలు మీద గొప్పగా అచ్చేసేవారు. దేవనాగరి అంకెలతో చేశారు, చూపులేని వాళ్ళు తడిమి టైం తెలుసుకునే బ్రెయిలీ వాచీలు కూడా చేశారు. పెళ్ళికొడుక్కి పెట్టినా, రిటైరైన మాస్టారికి స్టాఫంతా చందాలేసుకుని ఇచ్చినా, చాలా ఏళ్ళు హెచ్ఎమ్‌టీయే.

మన హైదరాబాదు కూడా ఈ కథలో ఉంది. ఇక్కడి హెచ్ఎమ్‌టీలో వాచీలు చెయ్యలేదు కానీ, నిజాం కాలంలో 1942లో మొదలైన ఆల్విన్ చేసింది. ఫ్రిజ్‌లు, బస్సు బాడీలు చేసే ఆ కంపెనీ 1980ల్లో సీకో సహకారంతో వాచీలు తెచ్చింది. ఇప్పుడు మియాపూర్ ఆల్విన్ చౌరస్తాలో ట్రాఫిక్‌లో ఇరుక్కుని తిట్టుకునే మనలో ఎంతమందికి ఆ పేరు ఒక కంపెనీదని తెలుసు?

తర్వాతిదంతా క్వార్ట్జ్ కథ. సీకో 1969 డిసెంబరు 25న మొదటి క్వార్ట్జ్ చేతి వాచీని అమ్మకానికి పెట్టింది. ఇప్పటి మామూలు క్వార్ట్జ్ వాచీలో స్ఫటికం సెకనుకి 32,768 సార్లు కంపిస్తుంది. మనవాళ్ళకి ఆ అంకె చూడగానే వెలగాలి, రెండుని పదిహేను సార్లు హెచ్చిస్తే వచ్చేది. పదిహేను సార్లు సగం చేసుకుంటూ పోతే సెకనుకి ఒక్క దెబ్బ. నెలకి పది, పదిహేను సెకన్ల తేడా అంతే. కీ వాచీకి రోజులోనే అంత తేడా వస్తుంది. హెచ్ఎమ్‌టీ కూడా క్వార్ట్జ్ చేసింది, కాబట్టి టెక్నాలజీ అందక చచ్చిపోయిందంటే నేను ఒప్పుకోను. 1987లో మార్కెట్లోకొచ్చిన టైటాన్ వాచీని నగలా షోరూములో పెట్టి అమ్మింది. వీళ్ళు కొనేవాడి మనసు మారిందని గుర్తించేసరికి ఆలస్యమైపోయింది. 2016 జనవరిలో కేంద్ర క్యాబినెట్ హెచ్ఎమ్‌టీ వాచెస్ మూసివేతకి ఆమోదం తెలిపింది.

గిరాకీ అసలు అప్పుడు పెరిగింది! ఫ్యాక్టరీ మూతపడ్డాక పాత వాచీలు విప్పి, ఒకదాని మెషీను, ఇంకోదాని కేసు, మూడోదాని ముళ్ళు కలిపి, డయలు చెరిపేసి కొత్త రంగేసి అమ్మడం పెద్ద వ్యాపారమైంది. ముఖ్యంగా పైలట్ మోడల్ కొనేటప్పుడు జాగ్రత్త. భూతద్దం పెట్టి చూస్తే తెలిసిపోతుంది. అక్షరాల అంచులు అలికినట్టుంటాయి, నిమిషాల గీతలు అంకెలకి ఎదురుగా ఉండవు, 6 అంకె కింద ఉండాల్సిన సన్నటి అచ్చు మాయమై ఉంటుంది. ఫ్యాక్టరీ ఎప్పుడూ వెయ్యని రంగులుంటాయి.

"బాగుంటే చాలు కదా, నీకేంటి నొప్పి" అంటారా? పెట్టుకోడానికైతే చాలు. కానీ వాచీలో ఏ మోడలో, ఏ కాలందో చెప్పే ఆధారాల్లో డయలు ముఖ్యమైంది. ఆయిలు గడ్డకడితే కడిగి మళ్ళీ వేసుకోవచ్చు, విరిగిన స్ప్రింగు మార్చుకోవచ్చు. చెరిపేసిన అచ్చు తిరిగి రాదు, దాన్ని వేసే ఫ్యాక్టరీ కూడా లేదు. అమ్మేవాడు "రంగు కొత్తది" అని చెప్పి అమ్మితే నాకు అభ్యంతరం లేదు. "ఒరిజినల్" అంటేనే మండుతుంది.

మా తాతయ్య కోహినూర్ నా దగ్గరుంది. డయలు మీద 3 అంకె దగ్గర గోధుమరంగు మరక. పొలం పనిలో చెమట కీ సందులోంచి లోపలికి దిగి పట్టింది. వాచీ రిపేరు ఆయన చూడగానే "డయలు మార్చేద్దాం సార్, పెళ్ళికొడుకులా ఉంటుంది" అన్నాడు. వద్దని, మెషీను మాత్రం కడిగించి, కీ దగ్గర వాషరు మార్పించాను. అద్దం ప్లాస్టిక్కే కాబట్టి గీతలు పాలిష్‌తో పోయాయి. రోజుకి అరనిమిషం ముందుకి పోతోంది, పొద్దున్న కీ ఇచ్చేటప్పుడు సరిచేసుకుంటున్నా.